కరెంటుని ఎన్నిసార్లు మార్చుకుంటాం?

ఈ సంచికకి కథో కవితో ఇవ్వమని క్లబ్ సీనియర్లు అడిగారు. నాకు ఆ రెండూ రావు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం, తెలుగులో రాయడం ఈ క్లబ్‌కి వచ్చాకే మొదలుపెట్టాను. అందుకే కొన్ని నెలలుగా నా బుర్రలో తిరుగుతున్న సంగతే రాస్తున్నా. అది కరెంటు సంగతి. "నువ్వు సీఎస్ఈ కదరా, కరెంటు ఈఈఈ వాళ్ళ లొల్లి కదా" అని హాస్టల్లో ఇప్పటికే అనేశారు. మనం రాసే ప్రతి లైను చివరికి కరెంటు మీదే నడుస్తుంది, ఆ కరెంటులో ఎంత భాగం మన కోడ్ దాకా రాకముందే వేడిగా పోతుందో మనలో ఎవరూ అడగం. నా వ్యాసమంతా ఆ అడగకపోవడం గురించే.

ముందు ఒక మాట. ఇక్కడ ఏసీ అంటే గోడకి బిగించే చల్లగాలి మెషిన్ కాదు, ఆల్టర్నేటింగ్ కరెంట్. ఆ మెషిన్ గురించి చెప్పాల్సి వస్తే కూలింగ్ అంటాను. డీసీ అంటే బ్యాటరీలో ఉండే కరెంటు, ఒకే దిక్కున పోయేది.

ఇంట్లో వైఫై రౌటర్ ఉన్నవాళ్ళు ఒకసారి ఆలోచించండి. మాది కోరుట్ల. వానాకాలం గాలి దుమారం వస్తే కరెంటు పోతుంది, ఇన్వర్టర్ ఆన్ అవుతుంది. ఇన్వర్టర్ కింద ఉన్న బ్యాటరీ 12 వోల్టుల డీసీ. ఇన్వర్టర్ దాన్ని 230 వోల్టుల ఏసీగా మారుస్తుంది. ఆ ఏసీ గోడలోని వైర్లలో తిరిగి రౌటర్ అడాప్టర్‌కి వస్తుంది. అడాప్టర్ దాన్ని మళ్ళీ 12 వోల్టుల డీసీ చేసి రౌటర్‌కి ఇస్తుంది. అంటే పన్నెండు దగ్గర బయల్దేరి, రెండు వందల ముప్ఫై ఎక్కి, మళ్ళీ పన్నెండుకే దిగింది. కోరుట్ల నుంచి మెట్‌పల్లికి కరీంనగర్ మీదుగా పోయినట్టు. ఎక్కినప్పుడు కొంత పోయింది, దిగినప్పుడు కొంత పోయింది. అడాప్టర్ ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది చూడండి, పోయింది అదే. ఇప్పుడు షాపుల్లో అరచేతంత రౌటర్ యూపీఎస్‌లు అమ్ముతున్నారు. వాటిలో లిథియం బ్యాటరీ ఉంటుంది, డీసీ నుంచి నేరుగా డీసీ ఇస్తాయి, మధ్యలో ఏసీ లేదు. చిన్న బ్యాటరీతోనే గంటలు గంటలు రౌటర్ నడవడానికి ఒక కారణం ఇదే. డేటా సెంటర్లలో డీసీ అని ఇంజనీర్లు వాదించేది ఈ రౌటర్ యూపీఎస్ ఆలోచననే, బిల్డింగ్ అంత సైజులో.

మరి ప్రపంచం ఏసీని ఎందుకు ఎంచుకుంది? ఎడిసన్ 1882లో న్యూయార్క్‌లోని పెర్ల్ స్ట్రీట్ నుంచి ఇచ్చింది డీసీయే, 110 వోల్టులు. ఆ వోల్టేజ్‌తో కరెంటు మైలు దూరం పోయేసరికి నీరసపడేది. ఏసీకైతే ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. వోల్టేజ్‌ని పైకెత్తి దూరం పంపి, మళ్ళీ దించొచ్చు. అప్పట్లో డీసీకి అలాంటి సాధనం లేదు. కాబట్టి ఏసీ గెలిచింది, న్యాయంగానే గెలిచింది. కాకపోతే ఆ రోజుల్లో కరెంటు వాడేవి బల్బులు, మోటార్లు. ఈ రోజు సీపీయూ, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఎల్ఈడీ, ఫోన్, ల్యాప్‌టాప్, ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ, ఏది చూసినా లోపల తినేది డీసీయే. ఇటు సోలార్ ప్యానెల్ పుట్టించేదీ డీసీయే. రెండు కొసల్లోనూ డీసీ, నడుమ మాత్రం ఏసీ.

డేటా సెంటర్ లోపలికి వెళ్దాం. సబ్‌స్టేషన్ నుంచి వచ్చిన హైటెన్షన్ కరెంటుని ట్రాన్స్‌ఫార్మర్ 415 వోల్టులకు దించుతుంది. అది యూపీఎస్‌లోకి పోతుంది. పెద్ద యూపీఎస్‌లు వచ్చిన ఏసీని మొదట డీసీ చేస్తాయి, ఎందుకంటే బ్యాటరీ అక్కడే తగిలించి ఉంటుంది. వెంటనే ఆ డీసీని మళ్ళీ ఏసీ చేసి బయటికి పంపుతాయి. ఇది కరెంటు పోయినప్పుడు మాత్రమే జరిగే పని అనుకోవద్దు. ఏడాదిలో 8,760 గంటలూ జరుగుతూనే ఉంటుంది. ఆ ఏసీ ర్యాక్ దాకా పోయి సర్వర్ పవర్ సప్లైలో దూరుతుంది. అక్కడ మళ్ళీ డీసీ. ఆ పవర్ సప్లై లోపలే ముందు సుమారు 380, 400 వోల్టుల డీసీ తయారై, తర్వాత 12కో 48కో దిగుతుంది. చివరికి మదర్‌బోర్డ్ మీద చిప్ పక్కన ఒక వోల్టు దగ్గరికి వస్తుంది. సర్వర్ తన పొట్టలో 400 వోల్టుల డీసీ వండుకుంటోంది, యూపీఎస్ పొట్టలోనూ దాదాపు అలాంటి డీసీయే ఉంది, ఆ రెండింటి మధ్య ఏసీ అనే అనువాదకుణ్ణి నిలబెట్టాం. ఇద్దరికీ తెలుగు వచ్చినప్పుడు మధ్యలో ఇంగ్లిష్ ఎందుకు? మన క్లబ్‌లో ఈ ప్రశ్న బాగానే అర్థమవ్వాలి.

లెక్క వేద్దాం. ఈ అంకెలు నేను ఉదాహరణకు పెట్టుకున్నవి. యూపీఎస్‌లో ఏసీని డీసీ చేసే మెట్టుకి 97 శాతం, తిరిగి ఏసీ చేసే మెట్టుకి 97 శాతం, సర్వర్ పవర్ సప్లైకి 92 శాతం అనుకోండి. మూడూ మంచి మార్కులే. మెట్లని మాత్రం కూడకూడదు, గుణించాలి. గుణిస్తే 86 దగ్గర ఆగుతుంది. ఇప్పుడు ఒకేసారి 97 శాతంతో 380 వోల్టుల డీసీ చేసి, బ్యాటరీని నేరుగా ఆ లైనుకే తగిలించి, సర్వర్‌లో 95 శాతంతో దించితే 92 వస్తుంది. తేడా ఐదున్నర శాతం. సెమిస్టర్‌లో ఐదు మార్కులంటే మనకి పెద్దగా లెక్క ఉండదు. కానీ 100 మెగావాట్లు తీసుకునే డేటా సెంటర్ ఏడాది పొడుగునా ఫుల్ లోడ్‌తో నడిస్తే ఈ ఐదున్నర శాతం సుమారు 4.8 కోట్ల యూనిట్లు. గృహజ్యోతి కింద మన ఇళ్ళకి నెలకి 200 యూనిట్ల దాకా ఉచితం కదా, ఆ 200 పూర్తిగా వాడుకునే ఇళ్ళు 20 వేలు ఏడాదంతా నడుస్తాయి ఆ కరెంటుతో. ఇంకోటి ఉంది. పోయిన ప్రతి వాట్ వేడిగా మారుతుంది, ఆ వేడిని బయటికి తోయడానికి కూలింగ్ మళ్ళీ కరెంటు తింటుంది. పైన నేను వేసిన లెక్కలో అది లేదు.

ఇదేం కొత్త కనిపెట్టుడు కాదు. 2006లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ నేషనల్ ల్యాబరేటరీ వాళ్ళు కాలిఫోర్నియాలో సన్ మైక్రోసిస్టమ్స్ క్యాంపస్‌లో 380 వోల్టుల డీసీతో సర్వర్లు నడిపి చూపించారు. అప్పటి మంచి ఏసీ ఏర్పాటుతో పోలిస్తే 7 శాతం దాకా, సగటు పాత ఏర్పాటుతో పోలిస్తే 28 శాతం దాకా ఆదా అన్నారు. ఆ 28ని ఇప్పటికీ చాలా ప్రెజెంటేషన్లలో వాడతారు. నాకు అది నచ్చదు. అమెరికాలో 480 వోల్టులని 208కి దించే ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి అదనంగా ఉండేది. మన దేశంలో 415 వోల్టుల త్రీ ఫేజ్ నుంచి సర్వర్‌కి కావాల్సిన 230, 240 వోల్టులు నేరుగా వస్తాయి కాబట్టి ఆ మెట్టే లేదు. పైగా ఈ ఇరవై ఏళ్ళల్లో యూపీఎస్‌లు చాలా మెరుగయ్యాయి. కాబట్టి మన దగ్గర 28 అని ఆశపడొద్దు. ఐదో ఆరో అనుకుని మాట్లాడితే మాట నిలబడుతుంది.

అంతకన్నా పాత ఉదాహరణ మన ఊళ్ళోనే ఉంది, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్. ల్యాండ్‌లైన్ రోజుల్లో ఊరంతా కరెంటు పోయినా ఫోన్ మాత్రం మోగేదని మా బాపు చెప్తడు. కారణం, ఎక్స్‌ఛేంజ్‌లో 48 వోల్టుల బ్యాటరీలు నేరుగా లైనుకి ఉండేవి. ఆ రాగి తీగలోనే మాట, ఆ తీగలోనే కరెంటు. ఇప్పటి సెల్ టవర్ల కింద ఉన్న పరికరాలు కూడా 48 వోల్టుల డీసీ మీదే నడుస్తాయి. టెలికాం వాళ్ళు మొదటినుంచీ డీసీతో బతికితే, డేటా సెంటర్ మాత్రం ఆఫీసు కంప్యూటర్ గదికి వారసుడిగా పుట్టింది. ప్లగ్గు పెడితే ఏసీ వచ్చే గది అది. చరిత్ర అలా నడిచింది కాబట్టి అలా ఉంది, అంతే.

గూగుల్ తన 48 వోల్టుల ర్యాక్ డిజైన్‌ని 2016లో ఓపెన్ కంప్యూట్ ప్రాజెక్ట్ ద్వారా బయటపెట్టింది. 12 నుంచి 48కి పెంచితే అదే పవర్‌కి కరెంటు నాలుగో వంతు అవుతుంది, తీగలో నష్టం పదహారో వంతు అవుతుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో ఐ స్క్వేర్ ఆర్ అని బట్టీ కొట్టాం కదా, అది ఇక్కడ డబ్బులవుతుంది. 2025 మేలో ఎన్విడియా ఇంకో అడుగు వేసి 800 వోల్టుల డీసీ అంది. ఏఐ ర్యాక్ ఒక్కటే మెగావాట్‌కి పోతోంది. 54 వోల్టులతో ఒక మెగావాట్ ఇవ్వాలంటే 18,500 ఆంపియర్లు కావాలి. దానికి ఎంత రాగి పట్టీ కావాలో ఊహించుకోండి. 800 వోల్టులైతే 1,250 ఆంపియర్లు చాలు. పర్యావరణం మీద ప్రేమ పుట్టి డీసీకి వస్తున్నారని నేను అనుకోను. రాగి పట్టక వస్తున్నారు. ఎలా వచ్చినా మంచిదే.

మన ప్రాంతానికి పెద్ద డీసీ కూడా కొత్త కాదు. జగిత్యాల నుంచి చూస్తే రామగుండం ఎంతో దూరం లేదు. 1990ల చివర్లో మహారాష్ట్రలోని చంద్రాపూర్ జిల్లా భద్రావతి దగ్గర 1,000 మెగావాట్ల డీసీ స్టేషన్ కట్టి, అక్కడినుంచి రామగుండానికి లైన్లు కలిపారు. పశ్చిమ గ్రిడ్, దక్షిణ గ్రిడ్ అప్పుడు ఒకే తాళంలో నడిచేవి కావు. 2013 డిసెంబర్ 31న రాయచూర్, షోలాపూర్ లైనుతో కలిశాకే దేశమంతా ఒక గ్రిడ్ అయింది. అంతకుముందు ఒక గ్రిడ్ ఏసీని డీసీ చేసి, అదే ప్రాంగణంలో మళ్ళీ రెండో గ్రిడ్ తాళానికి సరిపడే ఏసీ చేసి ఇచ్చేవాళ్ళు. అక్కడా రెండుసార్లు మార్చారు, అక్కడా కొంత పోయింది, కానీ ఆ మార్పుకి పని ఉంది. యూపీఎస్‌కీ సర్వర్‌కీ మధ్య మార్పుకి ఉన్న పని ఏమిటో నాకు ఎవరైనా చెప్పాలి.

రామగుండం పేరు వచ్చింది కాబట్టి బొగ్గు సంగతీ చెప్తాను. అక్కడ ఎన్టీపీసీ పాత ప్లాంటు 2,600 మెగావాట్లు, కొత్తగా వచ్చిన తెలంగాణ ప్రాజెక్టు 1,600. బొగ్గులో ఉన్న వేడిలో మూడో వంతుకి కాస్త పైనే కరెంటుగా మారుతుంది. అంటే సర్వర్ గదిలో ఒక యూనిట్ ఊరికే పోయిందంటే, బాయిలర్ దగ్గర దాదాపు మూడు యూనిట్ల వేడికి సరిపడే బొగ్గు కాలిపోయినట్టు. ఆ బొగ్గు సింగరేణిది. మా క్లాసులో గోదావరిఖని వాళ్ళున్నారు, ఓపెన్ కాస్ట్ అంటే ఏంటో వాళ్ళని అడగండి, నాకన్నా బాగా చెప్తరు.

సిరిసిల్లలో మా మేనమామకి సాంచాలున్నాయి. దసరా సెలవుల్లో వెళ్ళినప్పుడు ఇదంతా ఆయనకి చెప్పాను. సాంచాల చప్పుడులో సగం వినబడలేదు, బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాక మళ్ళీ చెప్పాను. విని "అంటే లైన్ లాస్ అన్నట్టు" అన్నడు. అవును మామా, బిల్డింగ్ లోపలి లైన్ లాస్. సిరిసిల్లలో ఈ మాట తెలియనివాళ్ళుండరు. అక్కడ కరెంటు ఇచ్చేది సెస్, సహకార విద్యుత్ సరఫరా సంఘం. దేశంలో ప్రయోగంగా మొదలుపెట్టిన ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో ఒకటి, 1970 నుంచి నడుస్తోంది. టోకున కరెంటు కొని సభ్యులకి పంచుతుంది. వాడుకునేవాళ్ళే సభ్యులు, వాళ్ళే ఓటేసి పాలకవర్గాన్ని ఎన్నుకుంటారు. కొన్నదెంత, బిల్లు వేసిందెంత, నడుమ పోయిందెంత అనేది అక్కడ ఎన్నికల మాట. యూనిట్ రేటు పెరిగితే ఆసాముల దగ్గర్నుంచి కార్మికుల దాకా అందరికీ తగులుతుంది.

మామ ఇంకో ప్రశ్న వేసిండు. "మరి మా సాంచాలు గూడ డీసీ చేస్తే ఆదా అయితదా?" లేదు మామా అన్నాను. సాంచా మోటారు ఏసీ మీద నేరుగా తిరుగుతుంది, మధ్యలో మార్పులే లేవు. ఉన్నది ఉన్నట్టు ఉంచడమే మేలు. డీసీ అనేది అన్ని రోగాలకీ ఒకే గోళీ కాదు. చివర్లో చిప్పో బ్యాటరీయో ఉన్నచోటే దాని పని. "గంతే అయితే ఆ కంపెనోళ్ళే చేసుకుంటరు గదా, వాళ్ళ పైసలే కదా పోయేది" అన్నడు మామ.

ఈ మాట నన్ను చాలా రోజులు తిప్పింది. వాళ్ళ పైసలే పోతున్నప్పుడు వాళ్ళే ఎందుకు మార్చలేదు? ఒక జవాబు పీయూఈ అనే కొలతలో ఉందని నా అభిప్రాయం. డేటా సెంటర్ మొత్తం తీసుకున్న కరెంటుని ఐటీ పరికరాలు తీసుకున్న కరెంటుతో భాగిస్తే వచ్చేది పీయూఈ. ఒకటికి ఎంత దగ్గరగా ఉంటే అంత గొప్ప. కంపెనీల బ్రోచర్లలో గర్వంగా వేసుకునే అంకె ఇదే. దీంట్లో ఒక తిరకాసు ఉంది. సర్వర్ డబ్బా లోపలికి పోయిన ప్రతి వాట్ ఐటీ ఖాతాలోనే పడుతుంది. పవర్ సప్లైలో వేడిగా పోయింది కూడా ఐటీయే, డబ్బా లోపలి ఫ్యాన్లు తిన్నది కూడా ఐటీయే. నాసిరకం పవర్ సప్లై పెడితే ఐటీ ఖాతా పెరిగి పీయూఈ ఇంకా బాగా కనిపిస్తుంది! ఇప్పుడు డీసీకి మారారనుకోండి. ఏసీని డీసీ చేసే పని సర్వర్ డబ్బాలోంచి బయటికి, బిల్డింగ్ ఖాతాలోకి వస్తుంది. మొత్తం వాడకం తగ్గినా పీయూఈలో ఆ మేలు పూర్తిగా కనబడదు, ఒక్కోసారి అంకె చెడ్డగా కూడా రావచ్చు. మంచి పని చేసినవాడికి మార్కులు తగ్గించే పరీక్ష ఇది. సెస్ మీటింగ్‌లో ఎవరైనా ఇలాంటి లెక్క చూపిస్తే మా మామ లాంటి వాళ్ళు ఊరుకోరు.

ఎందుకు అడగాలంటే, మన చుట్టూ కడుతున్నారు కాబట్టి. తెలంగాణ 2016లోనే డేటా సెంటర్ పాలసీ తెచ్చింది. అమెజాన్ వెబ్ సర్వీసెస్ హైదరాబాద్ రీజియన్ 2022 నవంబర్‌లో మొదలైంది. మైక్రోసాఫ్ట్ అదే ఏడాది హైదరాబాద్‌లో తన డేటా సెంటర్లు ప్రకటించింది. 2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖపట్నంలో అయిదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు అంది. ప్రపంచం మొత్తం మీద డేటా సెంటర్లు 2024లో 415 టెరావాట్ అవర్లు వాడాయని, 2030కి అది 945కి పోతుందని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా. ప్రతి ప్రకటనలో ఎన్ని కోట్లు, ఎన్ని ఉద్యోగాలు అని ఉంటుంది. గ్రిడ్ దగ్గర తీసుకున్న వంద యూనిట్లలో చిప్‌కి చేరేవి ఎన్ని అనే ఒక్క లైను ఉండదు. భూమి, నీళ్ళు, కరెంటు రాయితీ ఇచ్చేటప్పుడు ప్రభుత్వం ఆ ఒక్క అంకె అడగాలి. పీయూఈ వద్దు, గ్రిడ్ నుంచి చిప్ దాకా లెక్క కావాలి. డీసీతో సాధిస్తారో, ఇంకా మంచి ఏసీతో సాధిస్తారో వాళ్ళిష్టం. అంకె బయటపెడితే డీసీ తన కాళ్ళ మీద తనే నిలబడుతుందని నా నమ్మకం.

మా రూమ్మేట్ ఈఈఈ. వాడు దీనికి ఒప్పుకోడు. వాడి వాదన కూడా చెప్పకపోతే అన్యాయం. ఏసీ సెకనుకి వంద సార్లు సున్నా అవుతుంది, అందుకే స్విచ్ తీసినప్పుడు పుట్టే మంట దానంతటదే ఆరిపోతుంది. డీసీకి సున్నా లేదు, 380 వోల్టుల ప్లగ్గు లోడ్ మీద పీకితే ఆర్క్ పట్టుకుని సాగుతుంది. దానికి వేరే బ్రేకర్లు, వేరే కనెక్టర్లు కావాలి, ఖర్చు ఎక్కువ, ఆ పని తెలిసిన ఎలక్ట్రీషియన్లు తక్కువ. "జగిత్యాలలో నాకు ఒక్కణ్ణి చూపించు" అంటాడు. నిజమే. ఇప్పటికే నడుస్తున్న డేటా సెంటర్‌ని పగలగొట్టి డీసీ చేయమని నేనూ అనను, ఆ ఖర్చు ఎప్పటికి తిరిగొస్తుందో చెప్పడం కష్టం. కానీ కొత్తగా పునాది తవ్వుతున్నవాటికి ఈ అభ్యంతరం సగమే వర్తిస్తుంది. ఎలక్ట్రీషియన్లు లేరన్న మాటైతే నాకు అవకాశంలా వినిపిస్తుంది. సోలార్ ప్యానెల్స్, ఎలక్ట్రిక్ బండ్ల చార్జర్లు, పెద్ద బ్యాటరీలు అన్నీ హై వోల్టేజ్ డీసీయే. ఆ పని నేర్చుకున్న ఐటీఐ పిల్లలకి డేటా సెంటర్ ఒక్కటే దిక్కు కాదు.

48 వోల్టుల్లో ఆ మంట భయం చాలా తక్కువ. మద్రాస్ ఐఐటీలో అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం 48 వోల్టుల సోలార్ డీసీతో రాజస్థాన్ ఎడారి ఊళ్ళల్లో వేల ఇళ్ళకి లైట్లు, ఫ్యాన్లు నడిపింది. నేను దాన్ని ఇక్కడికి తెచ్చి మన ల్యాబ్‌కి అతికించి చూస్తున్నా. ల్యాబ్ పక్క గదిలో యూపీఎస్ ఉంది కదా, తలుపు తీస్తే ముఖానికి వేడి కొడుతుంది, ఆ వేడి తగ్గించడానికి గదికి కూలింగ్ పెట్టారు. అది నడిపేవి డెస్క్‌టాప్‌లు, ప్రతి దాంట్లో ఒక పవర్ సప్లై. తర్వాతి ల్యాబ్‌కి అరచేతి సైజు మినీ పీసీలు కొంటే వాటికి 19, 20 వోల్టుల డీసీ చాలు. యూఎస్‌బీ టైప్ సీ అయితే 2021 నుంచి 48 వోల్టుల దాకా, 240 వాట్ల దాకా ఇచ్చే స్టాండర్డ్ ఉంది. పైకప్పు మీద ప్యానెల్స్, కింద ఒక లిథియం బ్యాటరీ, బల్లల వెంట 48 వోల్టుల లైను. ఇన్వర్టర్ అక్కర్లేదు. ఒక్క ల్యాబ్‌లో ఎంత మిగులుతుంది, పెద్దగా ఏం కాదు. కానీ రేపు హైదరాబాద్‌లో డేటా సెంటర్లలో పనికి పోయే మనకి, ఈ పని చేతితో చేసిన అనుభవం ఉంటుంది.

ముందు మన యూపీఎస్ నిజంగా ఎంత తింటుందో తెలియాలి. ఇన్‌పుట్‌కి ఒక ఎనర్జీ మీటర్, అవుట్‌పుట్‌కి ఒకటి పెట్టి రెండు వారాలు గంట గంటకీ రాసుకుంటే చాలు. మీటర్లు మెషిన్స్ ల్యాబ్‌లో ఉన్నాయి, సార్ అనుమతి ఇస్తానన్నారు, కనెక్షన్ మా రూమ్మేట్ ఇస్తాడట, నన్ను తప్పని నిరూపించడానికే. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా వంతులవారీగా రీడింగ్ తీసేవాళ్ళు ఇంకా నలుగురు కావాలి. ఏ బ్రాంచ్ అయినా పర్లేదు. క్లబ్ గ్రూపులో పేరు పెట్టండి.